అయిదో స్ట్రెచర్

నాకు నోటి దురుసు ఎక్కువ. ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు. ద్వారకలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సులకి నేను సూపర్వైజర్ని. ఏ డ్రైవరు డ్యూటీకి రాలేదు, ఏ బండిలో ఆక్సిజన్ సిలిండరు మార్చలేదు, ఏ బండి ఏ అండర్‌పాస్ నీళ్లలో ఆగిపోయింది, అన్నీ నా నెత్తి మీదే. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికి చేరేసరికి ఒంట్లో శక్తి అనేది మిగలదు. అన్నం తిని, బాల్కనీకి ఆనుకుని ఉన్న చిన్న గదిలో నా బల్ల ముందు కూర్చుంటే అప్పుడు కాస్త మనిషినవుతాను. ఆ బల్ల గురించి మా ఆవిడ ఎల్సా చర్చిలో అందరికీ చెప్తుంది, "మా ఆయన పొద్దున్నంతా పెద్ద అంబులెన్సుల్ని తిట్టి, మధ్యాహ్నం నుంచి చిన్నవాటిని తిడతాడు" అని.

అదీ నిజమే. యుద్ధాల్లో తిరిగిన ట్యాంకులు, ట్రక్కులు, జీపులు ఉంటాయి కదా, వాటిని ముప్ఫై అయిదో వంతుకు తగ్గించి, ప్లాస్టిక్ ముక్కలుగా పోతపోసి, డబ్బాలో పెట్టి అమ్ముతారు. ఒక్కో డబ్బాలో వంద, నూటయాభై ముక్కలు. కొన్నవాడు వాటిని కత్తిరించి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగు వేసుకోవాలి. పిల్లల ఆట అనేవాళ్లకి నేను జవాబు చెప్పను. ఢిల్లీ చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాళ్లం రెండు వందలమంది దాకా ఉన్నాం. మాకొక గ్రూపు, గ్రూపుకొక వెబ్ పేజీ. కొత్త కిట్ ఏదొచ్చినా కొనేముందు అందులో ఆమోసు అంకుల్ ఏం రాశాడని చూస్తారు. ఆ ఆమోసు నేనే. పదిహేడేళ్లు సైన్యంలో డ్రైవరుగా చేశాను కాబట్టి ఏ బండికి ఏ బోల్టు ఎక్కడుంటుందో నాకు తెలుసని వాళ్ల నమ్మకం. నేను వెర్నియర్ కొలబద్ద తీస్తే కిట్ తయారుచేసినవాడికి చెమటలు పడతాయట. పట్టనీ. తప్పును తప్పనకపోతే రివ్యూ రాయడం దేనికి, దండగ.

జూన్ ఆఖరి ఆదివారం ఆస్టిన్ ఒక అట్టడబ్బా చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. ఆస్టిన్ నా స్నేహితుడు ఫెలిక్స్ కొడుకు, పాతికేళ్లవాడు. సాహిబాబాద్‌లో ప్లాస్టిక్ వస్తువులకి అచ్చులు తయారుచేసే చోట డిజైనరు. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ, మాట్లాడమంటే మూడు భాషలూ కలిపి కొడతాడు.

"అంకుల్, ఆంఖే బంద్ కరో," అన్నాడు.

"కళ్లు మూసుకుంటే మళ్లీ తెరవను, నిద్ర ముంచుకొస్తోంది. ఏంటో చూపించు."

బల్ల మీద పెట్టాడు. డబ్బా మీద బొమ్మలో కొండదారి, ఆ దారి మీద ఎర్ర శిలువ వేసిన ఆర్మీ అంబులెన్సు. మేం వన్ టన్ అని పిలిచే బండి. కార్గిల్ యుద్ధంలో నేను నడిపిన బండి అదే. డబ్బా పక్కగా చిన్న అక్షరాలతో ‘ఫెలిక్స్ జ్ఞాపకార్థం’ అని ఉంది.

"నువ్వు చేశావా?" అన్నాను.

"టూ ఇయర్స్, అంకుల్. ఛుట్టీ రోజుల్లో, షిఫ్ట్ అయిపోయాక. మా సర్ మెషీన్ వాడుకోనిచ్చారు. ఫస్ట్ పీస్ మీకే. మమ్మీకి కూడా చూపించలా."

"నేను తిడతానని తెలుసుగా?"

"వహీ తో చాహియే, అదే కావాలి. నో ఫేవర్స్. ఈ బండి మీరు నడిపారు. మీరు కరెక్ట్ అంటే కరెక్ట్. రాంగ్ అంటే అచ్చు మళ్లీ కోయిస్తా."

వాడు టీ తాగి వెళ్లిపోయాక కూడా నేను డబ్బా తెరవలేదు. సాయంత్రం దాకా అలా చూస్తూ కూర్చున్నాను. ఎల్సా వచ్చి, "పిల్లాడు ముచ్చటపడి చేశాడు. ఈ ఒక్కదానికీ కాస్త చూసీ చూడనట్టు పోండి," అంది. నీకు తెలియదులే ఊరుకో అన్నాను.

ఫెలిక్సుదీ నాదీ చీరాల. గుంటూరు రిక్రూట్‌మెంట్‌లో ఒకే రోజు పరుగెత్తి, ఒకే రోజు ఎంపికయ్యాం. ఇద్దరం డ్రైవర్లమే. తొంభైతొమ్మిది జులైలో వాడు కొండల మీదికి రేషను ట్రక్కు తోలేవాడు, నేను అంబులెన్సు. ఒకరోజు పొద్దున్నే వాడి ట్రక్కు పక్కన షెల్ పడి తొడలో ముక్క దిగింది. ప్రథమ చికిత్స గుడారం దగ్గరికి నేను బండి తీసుకెళ్లేసరికి అయిదుగురు పడుకుని ఉన్నారు. నా బండిలో అటు గోడకి రెండు, ఇటు గోడకి రెండు, మొత్తం నాలుగు స్ట్రెచర్లు. నలుగురికి స్పృహ లేదు. ఫెలిక్సు ఒక్కడే మాట్లాడుతున్నాడు. ఆ నలుగురినీ ఎక్కించుకుని వెళ్లాను. దించేసి మళ్లీ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అప్పటికి వాడు లేడు.

వాడి భార్య ఆనందకుమారికి అప్పుడు అయిదో నెల. ఆ కడుపులో ఉన్నవాడే ఆస్టిన్. ఆమె నర్సు. తర్వాత ఢిల్లీలో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చి, సరోజినీ నగర్ క్వార్టరులో ఒక్కతే కొడుకుని పెంచింది. నేను సైన్యం నుంచి బయటికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఏటా జులై మొదటి శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో ఫెలిక్సు జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. తెలుగు సంఘం వాళ్లు ఓ పాతికమంది వస్తారు, పాటలు పాడతారు, పాస్టరుగారు వాక్యం చెప్తారు. ఆ తర్వాత నేను లేచి సాక్ష్యం చెప్పాలి. అది ఆనవాయితీ. "బండిలో నలుగురికే చోటు. అయిదో మనిషికి చోటు లేకపోయింది. అది దేవుని చిత్తం," అంటాను. అందరూ "ఆమెన్" అంటారు. సెలవు దొరకని సంవత్సరాల్లో ఉత్తరం రాస్తే దాన్ని చదివేవారు. అలా ఇప్పటికి పాతికసార్లు చెప్పాను. ఆస్టిన్ తన తండ్రి గురించి విన్నది చాలావరకు అదే.

సోమవారం డబ్బా తెరిచాను. పని మొదలుపెట్టాక మనసు కాస్త కుదుటపడింది. పనిలో ఉండే సుఖం అదొక్కటే. నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. చక్రాలు బాగున్నాయి, టైరు గాడుల లోతు సరిపోయింది. బానెట్‌కీ రేడియేటరు జాలీకీ మధ్య సందులోంచి వెలుతురు కనబడుతోంది, అరగదీయక తప్పదు. వెనక తలుపుల బందులు చూస్తే కొత్తవాడి పనిలా లేవు, సన్నగా, పదునుగా వచ్చాయి. పక్కన అంటించే ఎర్ర శిలువ ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దది. డ్రైవరు సీటు వెనక నీళ్ల డబ్బా తగిలించే కొక్కెం కూడా పెట్టాడు వెధవ. ఆ కొక్కెం సంగతి నాకే గుర్తులేదు. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది. ఫెలిక్సు ఉంటే ఊరంతా డబ్బా పట్టుకు తిరిగేవాడు.

బుధవారం మధ్యాహ్నం బండి లోపలి భాగం అతికించాను. నేల, రెండు పక్క గోడలు, గోడలకి స్ట్రెచర్ల అరలు. స్ట్రెచర్లు ఒక్కో ఫ్రేములో మూడు చొప్పున రెండు ఫ్రేముల్లో ఆరు వచ్చాయి. బండికి నాలుగు చాలు, రెండు మిగులు. కిట్లలో ఇలా మిగలడం మామూలే. నాలుగూ అరల్లో కూర్చోబెట్టాను. అయిదోది చేతిలో ఉంది. జిగురు సీసా మూత ఊడి బల్ల మీద దొర్లుతుంటే పట్టుకోవడానికని చేతిలోది ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, బండిలోనే పెట్టేశాను. సీసా నిలబెట్టి, గుడ్డతో తుడిచి, ఇటు తిరిగి చూశాను.

అయిదో స్ట్రెచరు రెండు అరల మధ్య నేల మీద పడుకుని ఉంది. ఎక్కడా ఎత్తుగా లేదు, వంకరగా లేదు. చిటికెన వేలితో కదిపితే అటూ ఇటూ కొంచెం ఆడింది కూడా. వెనక తలుపులు మూసి చూశాను. పడ్డాయి.

వెర్నియర్ తీశాను. స్ట్రెచరు వెడల్పు పదహారు మిల్లీమీటర్లు. నడవ వెడల్పు పదహారున్నర పైన. మళ్లీ కొలిచాను. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచాను. ఒళ్లంతా చెమట పట్టింది. ఆ గదిలో ఫ్యాను తప్ప ఏమీ ఉండదు, జులై ఉక్కపోత, అందుకే అనుకున్నాను కాసేపు.

తర్వాత కోపం వచ్చింది. వీడికి కొలవడం రాదు. రెండేళ్లు చేశాడట, ఏం లాభం, అసలు కొలతే తప్పు. ఆ కోపంలోనే రివ్యూ రాసేశాను. "బయట చూడ్డానికి ముచ్చటగా ఉన్న ఈ కిట్‌లో లోపల పెద్ద తప్పుంది. నడవ వెడల్పు కనీసం రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ఈ బండి నడిపినవాడిగా చెప్తున్నాను, మధ్యలో మనిషి నిలబడటానికే కష్టం. ఈ తప్పు దిద్దకుండా ఎవరూ కొనవద్దు." పేజీలో పెట్టేముందు తయారుచేసినవాడికి ఒకసారి చూపించడం మా గ్రూపులో పద్ధతి. ఆస్టిన్‌కి పంపించాను. పంపించి, పడుకున్నాను.

గంటలో ఫోను చేశాడు. వాడు వాదిస్తాడనుకున్నాను. వాదిస్తే గట్టిగా నాలుగు తిట్టి పెట్టేద్దామని సిద్ధంగా ఉన్నాను.

"అంకుల్, నేను మాయాపురి స్క్రాప్ గోడౌన్‌లో ఒక కండెమ్డ్ బండి దొరికితే అందులో కూర్చుని తీసుకున్నా మెజర్‌మెంట్స్," అన్నాడు. "తీన్ బార్, మూడుసార్లు. టేపు పెట్టి ఫోటోలు కూడా ఉన్నాయి."

"అయితే?"

"షాయద్ ఆ బండికి ఎవరో బాడీ మార్చి ఉంటారు. లేకపోతే నేనే ఎక్కడో గల్తీ చేసుంటా," అన్నాడు. "ఎందుకంటే మీరు ఎవ్రీ ఇయర్ చెప్తారు కదా అంకుల్, ఫిఫ్త్ కే లియే జగహ్ నహీ థీ, అయిదోవాడికి చోటు లేదని. నా మోడల్లో జగహ్ ఉంటే నా మోడల్ గలత్. సింపుల్. టేపు తప్పవ్వచ్చు, మీ సాక్ష్యం తప్పవ్వదు కదా."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"మండే అచ్చుకి వెల్డింగ్ పెట్టించి మళ్లీ కోయిస్తా. నడవ తగ్గించేస్తా. మా సర్‌తో మాట్లాడేశా. ఒకసారి కోశాక మళ్లీ మార్చడం కుదరదన్నారు. అందుకే టూ ఎమ్ఎమ్ పక్కా కదా అంకుల్?"

"పక్కా," అన్నాను.

ఫోను పెట్టేశాక నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు తెలుసు. పాతికసార్లు చెప్పిన నోరు కదా.

ఇక దాచి లాభం లేదు, ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పేస్తాను. బండి నడవలో నాలుగు డీజిల్ డబ్బాలు, పనిముట్ల పెట్టె, మడతపెట్టిన టార్పాలిన్ ఉన్నాయి. నలుగురినీ ఎక్కించాం. గుడారంలో దశరథ్ అని ఒక నర్సింగ్ అసిస్టెంటు ఉండేవాడు, బీహారువాడు. అతను ఫెలిక్సు స్ట్రెచరు ఒక చివర పట్టుకుని, "సామాన్ ఫేంక్, ఇస్కో ఫర్శ్ పే లిటా దే," అన్నాడు. సామాను బయట పారేసి వీణ్ని నేల మీద పడుకోబెట్టమని. రెండు నిమిషాల పని. సరిగ్గా అప్పుడే కింద మలుపు దగ్గర ఒక షెల్ పడింది. ఆ మలుపులోంచే నేను వెళ్లాలి. "నహీ ఆయేగా," అన్నాను, పట్టదని. "దేఖ్ తో లే," అని అరిచాడు దశరథ్, పెట్టి అయినా చూడరా అని. నేను తలుపులు మూసేశాను. బండి తలుపు మీద ‘నలుగురు’ అని అధికారికంగా పెయింటుతో రాసి ఉంటుంది, ఆ మాటే చూపించాను. ఫెలిక్సు నన్నేమీ అనలేదు. "వచ్చేటప్పుడు సిగిరెట్లు పట్రారా," అన్నాడంతే. తెచ్చాను కూడా.

తర్వాత ఆఫీసరు అడిగితే నలుగురికే చోటన్నాను. చీరాల వెళ్లి ఆనందకుమారికి అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకు కూడా అదే నిజమైపోయింది. నడవ నిజంగా ఇరుకే అని నమ్మాను. ఒట్టు, నమ్మాను. ఇప్పుడు ఒక ప్లాస్టిక్ ముక్క వచ్చి అక్కడ పడుకుంది. దాని మీద పగబట్టి, తండ్రి లేని పిల్లాడి రెండేళ్ల కష్టం తప్పని రాశాను. సోమవారం వాడు నా మాట పట్టుకుని, కరెక్టుగా ఉన్న ఇనుప అచ్చుని కోసి, నా అబద్ధాన్ని అందులో పోతపోస్తాడు. ఇక ఆ డబ్బా కొన్న ప్రతివాడి ఇంట్లోనూ నడవ ఇరుగ్గానే ఉంటుంది.

గురువారం, శుక్రవారం డ్యూటీలో ఎవర్నీ తిట్టలేదు. డ్రైవర్లు నాకు ఒంట్లో బాలేదనుకున్నారు. ఎల్సా జొరం చూసింది. ఫోను తీసి ఆస్టిన్ నంబరు దాకా వెళ్లడం, మళ్లీ పెట్టేయడం. ఒక్కడికే చెప్తే వాడు తల్లికి చెప్పాలి, ఆ బరువు వాడి మీద వెయ్యడం ఇంకో పాపం. అలా అనుకుని వాయిదా వేశాను. అసలు సంగతి భయం. ఆనందకుమారి నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. రాఖీ పండగ మనది కాకపోయినా ఢిల్లీ అలవాటుకొద్దీ ఏటా మిఠాయి డబ్బా పంపిస్తుంది. అది పోతుందని భయం.

శనివారం సాయంత్రం ఎల్సా, నేను మెట్రోలో బయల్దేరాం. రాజౌరీ గార్డెన్‌లో దిగి పింక్ లైన్ మారేటప్పుడు ఎస్కలేటరు పక్కన కాసేపు నిలబడిపోయాను. "ఏమైందండీ?" అంది ఎల్సా. "అలిసిపోయానే," అన్నాను. "రిటైరైపోండి మరి, ఎన్నాళ్లీ చాకిరీ," అంది. నేను చెప్పింది అంతే, ఆమెకి అర్థమయింది అంతే. తప్పు ఆమెది కాదు.

ఆనందకుమారి ఇంట్లో చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బయట మార్కెట్టు జనం గోల కిటికీలోంచి వినిపిస్తోంది. కూలరు తిరుగుతున్నా ఉక్క తగ్గలేదు. వంటింట్లోంచి మసాలా వాసన వస్తోంది. ప్రతిసారీ చికెన్ కూర, బగారా అన్నం తనే వండుతుంది, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వదు. ఆస్టిన్ నన్ను చూసి నవ్వి, పక్కన కుర్చీ జరిపాడు. నేను వాడి పక్కన కూర్చోలేక పాస్టరుగారి వైపు వెళ్లాను.

పాటలయ్యాయి, వాక్యం అయింది. "ఇప్పుడు బ్రదర్ ఆమోసుగారు సాక్ష్యం చెప్తారు," అన్నారు పాస్టరుగారు.

లేచాను. ఫెలిక్సు ఫోటో బల్ల మీద ఉంది, యూనిఫాంలో. దాన్ని చూడకుండా ఆనందకుమారి వైపు చూశాను.

"ఆ రోజు బండిలో నలుగుర్ని ఎక్కించాం," అన్నాను.

"ఆమెన్," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"అయిదో మనిషికి చోటు లేదని మీకు ఇన్నేళ్లూ చెప్పాను. అది అబద్ధం. చోటుందో లేదో నేను పెట్టి చూడలేదు. పెట్టి చూడమని ఒకడు అరిచాడు. షెల్స్ పడుతున్నాయని భయపడి తలుపులేసేశాను. చోటుంది. నేల మీద ఫెలిక్సు పట్టేవాడు."

వెనక కూర్చున్న ఒక పెద్దాయనకి చెవులు సరిగా వినపడవు. నేను ఆగగానే ఎప్పట్లాగే "ఆమెన్" అన్నాడు. పక్కనున్న మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఆస్టిన్ లేచి నిలబడ్డాడు. వాడి మొహం తెల్లగా పాలిపోయింది.

"తో ఫ్లోర్ సహీ హై?" అన్నాడు.

"సరిగ్గా ఉందిరా. నువ్వు కొలిచింది కరెక్టు. నేను రాసింది అబద్ధం. సోమవారం ఏమీ కోయించకు. రివ్యూ మళ్లీ రాస్తాను."

"మై తో కాట్నే వాలా థా," అన్నాడు, ఎవరికీ కాకుండా. కోసేసేవాణ్ణి అని. ఇంకేదో అనబోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. వాణ్ని పిలిచే హక్కు నాకు లేదనిపించింది.

పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన చేశారు. జనం లేవాలో కూర్చోవాలో తెలియక కుర్చీలు సర్దుతూ నిలబడ్డారు. ఆనందకుమారి ఏమీ జరగనట్టే వంటింట్లోకి వెళ్లి ప్లేట్లు తీసింది. నేను ఆమె వెనకే వెళ్లాను. ఎల్సా కూడా రాబోతే వద్దన్నాను.

ఆమె కూర గిన్నె మూత తీసి గరిటెతో ఒకసారి తిప్పింది.

"తొడలో ఎక్కడ తగిలింది?" అంది, ఇటు తిరక్కుండానే. వార్డులో కేసు షీటు రాసుకునే గొంతు.

"లోపలి వైపు. పైన."

"మీ బండి వెళ్లాక ఎంతసేపున్నాడు?"

"గంటన్నర ఉన్నాడని దశరథ్ చెప్పాడు."

"బండిలో కిందికి ఎంతసేపు?"

చెప్పాలనిపించలేదు. చెప్పాను. "గంటా పది నిమిషాలు."

ఆమె గరిటె తిప్పడం ఆపింది. ముప్ఫై ఏళ్లుగా నర్సు. ఇరవై నిమిషాలంటే ఏమిటో నేను ఆమెకి చెప్పక్కర్లేదు. ఏదైనా అంటుందని చూశాను. ఎక్కించినా బతికేవాడు కాదేమో అన్నయ్యా, అంటుందేమోనని కూడా ఒక మూల ఆశపడ్డాను, సిగ్గులేని ఆశ. అనలేదు.

"క్షమించమ్మా," అన్నాను.

"ఆగండి," అంది. స్టవ్ ఆపేసి నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు. పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న మనిషి మొహం. "ఇరవై ఆరేళ్లన్నయ్యా. నలుగుర్ని పట్టించినవాడివి అయిదోవాడికి చోటెందుకు లేకుండా చేశావని రోజూ దేవుణ్ణే అడిగాను. ఆయన మీదే అలిగాను. బిడ్డ పుట్టిననాడు కూడా ఆయనకి దణ్ణం పెట్టలేదు. ఎంత తిట్టానో మీకు తెలీదు. అంతా ఆయన పడ్డాడు." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇప్పుడు అదంతా ఆయన దగ్గర్నుంచి తీసి మీమీద పెట్టాలి. మళ్లీ మొదట్నుంచీ. నా వల్ల కాదన్నయ్యా. నాకు యాభై దాటాయి. నాకు అంత బలం లేదు."

ఆమె ప్లేట్ల దొంతరలోంచి రెండు ప్లేట్లు తీసి పక్కన పెట్టింది. నాదీ, ఎల్సాదీ.

"మీరు ఇవాళ వెళ్లండి. నా చేత్తో మీకు వడ్డించలేను," అంది. "ఏమనుకోకండి."

గరిటె తీసుకుని మిగతావాళ్లకి అన్నం పెట్టడం మొదలుపెట్టింది. నేను హాల్లోకి వచ్చి, ఎల్సాని పద అన్నాను. గుమ్మం దగ్గర అన్ని జతల చెప్పుల మధ్య నావి కనబడలేదు. వంగి వెతుక్కుంటుంటే పక్కనుంచి ప్లేట్లు పట్టుకుని మనుషులు వెళ్తున్నారు, ఎవరూ తప్పుకోమనలేదు, ఎవరూ పలకరించలేదు. చాలాసేపు వెతికాను.